ఊట నీళ్లు పడ్డ చోట

మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఉన్న రోజున మా ఆయనకి ఆ తెల్లచొక్కాయే కావాలి. అది వేసుకుంటేనే సభ బాగా జరుగుతుందట. పొద్దున్నే దాన్ని ఇస్త్రీ చేస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ఇంట్లో మొగుడూ, ల్యాబులో పై అధికారీ ఆయనే కాబట్టి పైకి నవ్వే వీల్లేదు.

ల్యాబుకెళ్లి గాజు పళ్లెం మూత తీశాను. ఏ మందుకీ లొంగని క్రిమి పళ్లెం నిండా తెల్లటి పొరలా పరుచుకుని ఉండాలి. పొర ఉంది, కానీ దాని మీద అక్కడక్కడా చినుకులు పడ్డట్టు గుండ్రటి ఖాళీలు. అక్కడ క్రిమి చచ్చిపోయింది! దీని కోసమే కదా నేనిన్నేళ్లుగా కళ్లు కాయలు కాసేలా చూస్తున్నది! నిన్న అందరికీ వండి సర్ది నా క్యారేజీ నేనే మర్చిపోతే అత్తయ్య తెచ్చిచ్చింది. నేను చేతులు కడుక్కుని వచ్చేలోగా, కోడలి పని ఫలించాలని, కొండ ఊట నుంచి తెచ్చుకున్న పవిత్ర జలం ఈ పళ్లెం మీద చిలకరించింది. చూసి తిట్టినంత పని చేశాను. ఆవిడ ముఖం చిన్నబోతే పారేయలేక మూతపెట్టి ఉంచాను.

మా ఆయనకి చూపిస్తే పారెయ్యమన్నాడు. దేవుడి నీళ్లకి క్రిమి చచ్చిందని బయటికి పొక్కితే తన పరువేం కావాలట. నేను దణ్ణం పెట్టుకుంటుంటే "ఇంత చదివి ఏం లాభం" అనే మనిషే కదా. అత్తయ్యకి ఫోను చేస్తే ఏడ్చేసింది. అది మహిమ, పరీక్ష పెడితే కళ్లు పోతాయంది. ఆయనేమో చూసిందాన్ని చూడలేదనమంటాడు, ఆవిడేమో చూసి ఊరుకోమంటుంది. ఇద్దరికీ తలాడించి తలాడించి నా మెడ అలాగే అలవాటు పడిపోయింది. ఈసారి మాత్రం ఒళ్లు మండింది. అంతకు మించి సంతోషం, కాలు నిలవనివ్వని సంతోషం.

సాయంత్రం సభలో టీలు అందించడానికి నేను వెళ్లలేదు. అత్తయ్యని సీసాతో సహా ల్యాబుకి పిలిపించాను. కొన్ని నీళ్లు మరగకాస్తానని, కాచనివి క్రిమి ఉన్న ఒక పళ్లెంలో, కాచినవి మరోదాంట్లో, కుళాయి నీళ్లు ఇంకోదాంట్లో వేసి చూస్తానని చెప్పాను. ఆవిడ సీసాని గుండెకి హత్తుకుంది.

"కాస్తే దేవుడు పోతాడేమోనే."

"దేవుడు పోడత్తయ్యా. పోయేదేదో ఆ నీళ్లలో ఉంటే, అదేంటో కనుక్కుంటాను."

"వాడు ఒప్పుకోడు."

"ఆయన్ని అడగట్లేదు."

అత్తయ్య నా ముఖంలోకి చూసింది. సీసా నా చేతికివ్వకుండా మూత తానే తీసి, "ఎన్ని చుక్కలు వెయ్యాలో చెప్పు" అంది.