భాగ్య చెప్పని ఆఖరి చరణం

మిర్యాలగూడ రైసు మిల్లు కళ్లంలో ఉడికిన వడ్లు ఆరేందుకు కాళ్లతో చాళ్లు తీస్తూ నడుస్తోంది భాగ్య. మే నెల ఎండ. అరికాళ్లు ఏనాడో మొద్దుబారాయి కాబట్టి కాలుతున్నది తెలియదు. కానీ బాయిలర్ కూత వేసినప్పుడల్లా యుద్ధం సైరనేమోనని అడుగు ఆపేస్తోంది. సరిహద్దులో యుద్ధం మొదలైందని టీవీలో విన్నప్పటి నుంచి ఇదే వరస. సెలవు మీద వచ్చిన సిపాయి తమ్ముడు సాంసన్‌ను పటాలానికి వెంటనే రమ్మన్నారు. మధ్యాహ్నం రైలు.

తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఈ కళ్లంలోనే. తన పెళ్లి మాట ఆమె ఎత్తలేదు, ఎవరూ గుర్తు చేయలేదు.

సెలవంతా సాంసన్, హాలియా నుంచి వచ్చే తోటి సిపాయి కాశీరాం కూలీల అన్నం వేళకు మిల్లు రేకుల షెడ్డు కిందికి వచ్చేవారు. సాంసన్ తను రాసిన కవితలు చదివేవాడు. ప్రతి కవితకూ చివర ఒకటే చరణం, అది వినేవాళ్లు అందుకోవాలి: "వాకిలి తీసుంచు, వస్తున్న నేను." అక్షరం ముక్క రాని భాగ్య గొంతే అందరికంటే పైకి లేచేది.

ఇవాళ ఇద్దరూ సంచులతోనే వచ్చారు.

"మంచుకొండ మీద కండ్లు మూసుకుంటే, అక్క తీసిన చాళ్లల్ల నడుస్తున్న," అని చదివి సాంసన్ ఆగాడు. తోటి కూలి ఆడవాళ్లంతా చరణం అందుకుంటుందని భాగ్య వైపు చూశారు. ఆమె పెదవి విప్పలేదు. ఆ చరణం తన దగ్గరే ఉంచుకుంటే, దానికోసమైనా వాడు తిరిగి వస్తాడని ఆమె ఆశ.

"చెప్పక్కా, టైమైతుంది."

"ఇప్పుడు చెప్ప. నువ్వొచ్చినంక చెప్త."

"గిదేం పంతమే? గాడ నీ గొంతు యాదికొస్తె జర ధైర్యంగ ఉంటది."

ఆమె తల అడ్డంగా ఊపింది. "పోయొస్తం అక్కా," అన్నాడు కాశీరాం. సాంసన్ ఆమె చెయ్యి నొక్కి వదిలి, ఆటో ఎక్కాడు.

ఆటో గేటు దాటుతుండగా కనిపించింది, కళ్లం గట్టు మీద సాంసన్ మరిచిపోయిన, దారికని ఆమె కట్టిన రొట్టెల డబ్బా. పోయేవాణ్ణి వెనక నుంచి పిలిస్తే కీడు. శకునాలు సైతాను మాటలని చర్చిలో పాస్టరు చెబితే అందరికంటే ముందు తలూపేది ఈమే. అయినా కేకేయబోయిన తోటి కూలి ఆండాళు నోరు భాగ్య చేత్తో గట్టిగా మూసేసింది.

"పిలవకుంటె మానె, ఫోనన్న జెయ్యే!" అంది ఆండాళు ఆ చెయ్యి తోసేసి.

"ఫోన్ జేసినా ఎనకనుంచి పిల్సినట్టే గదనే!" అంది భాగ్య.

రైలు కూత వినబడ్డాక గానీ చేసిన పని తెలిసి రాలేదు. తన భయం తీర్చుకోవడానికి, బిడ్డలాంటి వాణ్ణి అడిగిన ఆ ఒక్క చరణమూ చెప్పకుండా, తిండి లేకుండా యుద్ధానికి పంపింది. వడ్లలోనే కూలబడి ఏడ్చింది.

గట్టు మీద డబ్బాలో తెల్లారగట్ల కాల్చిన జొన్నరొట్టెలు, ఒక్కొక్కటీ సగానికి మడిచి, మడతలో వెల్లుల్లి కారం.