బలపాల పటాలం

ఏబేలు కాలి బొటనవేలికి పంఖా తాడు చుట్టుకుని లాగుతూనే, చేతులతో బలపాలు నూరుతున్నాడు. పైన వసారాలో గుడ్డ పంఖా ఊగుతోంది. కింద మెట్టు పక్కన, ఎండ సగం మీద పడేచోట, అతను కూర్చునే గోనెపట్టా. బలపాన్ని చిటికెనవేలంత ముక్క కోసి, ఒక కొసను బండమీద చదును చేస్తే నిలబడుతుంది. నిలబడితే సిపాయి. ఎర్రమట్టి నీళ్లలో ముంచితే శత్రువు సిపాయి. చింతగింజలు గుర్రాలు, పోకచెక్కలు ఫిరంగులు. ప్లీడరు చంద్రశేఖరరావుగారి ఇంట్లో శనివారం సాయంత్రాలు జరిగే యుద్ధాలకు ఇదీ సరంజామా.

వారంలో తక్కిన రోజులన్నీ ఏబేలు సుందరరామయ్య శెట్టిగారి కొట్టంలో పలకల అంచులు కోస్తాడు. ఆ దుమ్ము పట్టి కనుబొమ్మలు ఎప్పుడూ నెరిసినట్టే ఉంటాయి. గోళ్లు అరిగి సగానికి వచ్చాయి. దగ్గితే ముందుకు వంగి, చేత్తో నేల పట్టుకుని దగ్గుతాడు. ఒంటిమీద బొత్తాలు ఊడిన ఖాకీ కోటు. పెద్ద యుద్ధం అయిపోయాక మెసపొటేమియా నుంచి తెచ్చుకున్నది అదొక్కటే. దాన్ని చూసే మార్కాపురంలో అందరూ మిలట్రీ ఏబేలు అంటారు. కోటు ఇచ్చిన మాట నిజమే గానీ తుపాకి ఇవ్వలేదు. అక్కడ అతను ఓడల మీంచి మూటలు దింపి మోసిన కూలీ. ఆ సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

శెట్టిగారు వచ్చి, నూరిన సిపాయిల మీద చెంబులోంచి నీళ్లు చల్లి, అప్పుడు ముట్టుకున్నారు. ఏబేలు కోసిన పలకలు ఊళ్లో ఏ బ్రాహ్మణ పిల్లవాడి ఒళ్లో ఉన్నా ఎవరికీ పట్టింపు లేదు. పటాలానికి మాత్రం శుద్ధి కావాలి. అలా తడిసిన పటాలాన్ని ఆయనా ప్లీడరుగారూ పెద్ద పలకల మీద గీసిన నదికి ఇటూ అటూ నిలబెట్టారు. గవ్వలు వేస్తే ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని బలపాలు చచ్చినట్టు. చచ్చినవి ఇత్తడి పళ్లెంలోకి పోతాయి. నీళ్లు మోసేవాళ్లు ఎక్కడుంటారని ఏబేలు ఒకసారి అడిగితే, వాళ్లను పెట్టక్కర్లేదు, ఉన్నారనుకోవాలి అంతే, అని శెట్టిగారు నవ్వారు.

ఆట కంటే వాళ్లిద్దరికీ పుస్తకాల పోట్లాట ఎక్కువ ఇష్టం. ప్లీడరుగారికి ప్రాణం ఎర్ర అట్ట యుద్ధాల చరిత్ర. మద్రాసు నుంచి తెప్పించారు. ఎవరు ఎటు నడిచారో, ఎక్కడ వంతెన తెగిందో పటాలు గీసి మరీ ఉంటుంది. శెట్టిగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయనకు కావలసింది యుద్ధం నవల. ప్లీడరుగారు చదివి తెలుగులో చెబుతుంటే ఆయన పైపంచె కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. అందులో జెండా పట్టుకున్న కుర్రాడొకడు గుండు తగిలి పడిపోతాడు. అతని స్నేహితుడు గుళ్లవానలో పరుగెత్తుకొచ్చి, తలను ఒళ్లో పెట్టుకుని, తన సీసాలోని ఆఖరి గుక్క వాడి నోట్లో పోస్తాడు. ఇదంతా కట్టుకథ, యుద్ధంలో ఎవడి నీళ్లు వాడికే అని ప్లీడరుగారు. మనిషన్నవాడు పోస్తాడని శెట్టిగారు. పోయిన ఏడు ఎండాకాలంలో ఈ వాదం ముదిరి, శెట్టిగారు మెట్టు కిందకు తిరిగి, యుద్ధం చూసిన మనిషివి నువ్వు చెప్పరా అన్నారు.

ఏబేలును ఏ విషయంలోనైనా అభిప్రాయం అడగడం అదే మొదలు. పంఖా తాడును వేలికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. తరవాత, పోస్తారు దొరా, నేనే పోసినా అన్నాడు. ఎవరికిరా అంటే అతని నోటికి వచ్చిన పేరు ఆశీర్వాదం.

ఆ పేరు ఎందుకు వచ్చిందో అతనికి తెలుసు. పెద్దారవీడు ఆశీర్వాదం అతనితో పాటే మూటలు మోసినవాడు, అతనికంటే చిన్నవాడు, అన్నా అన్నా అని వెంట తిరిగినవాడు. నది ఒడ్డున ఒక మధ్యాహ్నం వాంతులూ విరేచనాలూ పట్టుకుని తార్పాలు గుడ్డ నీడలో పడి ఉన్నాడు. ఏబేలన్నా, నీళ్లు, అన్నాడు. ఏబేలు మూట బరువు సర్దుకుంటున్నట్టు మొహం అటు తిప్పుకుని నడిచిపోయాడు. సాయంత్రం వచ్చేసరికి తార్పాలు కింద ఎవరూ లేరు. నవలలో మాట విన్నప్పుడు, వాడికి ఆ చావైనా ఇస్తే బాగుండుననిపించింది. జెండాతో సహా ఇచ్చాడు. ఆ రోజు శెట్టిగారు అతనికి రెండు లోటాల మజ్జిగ పోయించారు. దాన్ని తాగాడు కూడా.

అప్పటినుంచి ఆ కథ అతనిది కాకుండా పోయింది. ఎవరొచ్చినా ప్లీడరుగారే చెప్పేవారు. కోర్టు వసారాలో కక్షిదారులకు చెప్పారు. వాళ్లలో పెద్దారవీడు వాళ్లూ ఉంటారని ఏబేలుకు తోచలేదు. బజారుపని మీద కూడా ఆ దారిన పోకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చిన మనిషికి, ఆ ఊరే నడిచి వస్తుందని ఎలా తోస్తుంది?

నది దాటే యుద్ధం మధ్యలో ఉండగా ఒక ముసలామె వాకిట్లోకి వచ్చి నిలబడింది. బక్కపలచని మనిషి. కాళ్లకు పిక్కల దాకా ఎర్రదుమ్ము. చంకలో చిన్న మూట. మెట్లదాకా రాకుండా అక్కడే చేతులు కట్టుకుని, ఏబేలు అనేటాయన ఈడ ఉంటాడంట గదా అని అడిగింది. తనది పెద్దారవీడనీ, పేరు దానమ్మ అనీ, ఆశీర్వాదం తల్లిననీ చెప్పుకుంది.

ఏబేలు కాలు ఆగింది. పంఖా ఆగింది. చెమట పట్టిందని పైకి చూసిన ప్లీడరుగారు సంగతి తెలుసుకుని, చేతిలో గవ్వలు పక్కన పెట్టి, ఉత్సాహంగా మెట్టు అంచుకు వచ్చారు. నీ కొడుకు మామూలు చావు చావలేదమ్మా అంటూ మొదలుపెట్టి జెండా, గుళ్లవాన, తెల్లగుర్రం మీద సేనాధిపతి సలాము చేయడం అన్నీ వరసగా చెప్పారు. తెల్లగుర్రం ఏబేలు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ముసలామె మర్యాదగా తల ఊపుతూ విన్నది. అంతా అయ్యాక ఏబేలు వైపు తిరిగింది.

"జెండాలు గుర్రాలు నాకేం తెలుస్తాయి నాయనా. సర్కారు కాగితంలో పోయినాడని ఒక్కమాటే ఉండె. పొయ్యేటప్పుడు వాని నోట్లో నీళ్లు పోసినోళ్లు ఉండారా లేదా, అదొక్కటి చెప్పు."

వసారాలో ఇద్దరూ అతన్నే చూస్తున్నారు. శెట్టిగారి కళ్లు అప్పుడే తడిశాయి.

"నేనే పోసినా పెద్దమ్మా," అన్నాడు ఏబేలు.

ఆమె ఏడవలేదు. ఒక పెద్ద ఊపిరి వదిలి కిందికి వంగి మూట విప్పింది. దారం చుట్టిన కొత్త కోరా పంచె. ఆఖరి నీళ్లు పోసినవాడు కొడుకుతో సమానం. వాడికి బట్టలు పెట్టనిదే తల్లికి రుణం తీరదు. అలాంటివాడు ఉన్నాడో లేడో తెలియక ఏళ్ల తరబడి ఆమె పంచెను పెట్టె అడుగున దాచుకుంది. దాన్ని అతని రెండు చేతుల్లో పెట్టి, తల నిమిరి, చీకటి పడకముందే సగం దారైనా నడవాలంటూ వెళ్లిపోయింది.

"చూశారా ప్లీడరుగారూ, నా నవలే గెలిచింది," అన్నారు శెట్టిగారు. ప్లీడరుగారు ఓడిపోయానని నవ్వుతూ ఒప్పుకుని గవ్వలు వేశారు. రెండు బలపాలు పళ్లెంలో పడ్డాయి.

ఏబేలు ఒళ్లో పంచె ఉంది. దాని మీద అతని చేతుల పలకదుమ్ము అంటుకుంది. తుడిస్తే ఇంకా పరుచుకుంది. బొటనవేలి తాడు విప్పి లేచాడు. వెనకనుంచి ఒరే, ఒరే ఏబేలూ, పంఖా అని కేక వినిపించినా ఆగలేదు.

పెద్దారవీడు దారిలో, ఊరు దాటాక, ఆమె మైలురాయి పక్కన కూర్చుని కాలి ముల్లు తీసుకుంటోంది. అతను పరుగున వచ్చి, వంగి, నేల పట్టుకుని చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గేదాకా ఆమె అతని వీపు నిమురుతూ ఉంది. అది భరించలేక పక్కకు జరిగి, పంచెను మైలురాయి మీద పెట్టాడు.

"నేను పోయలేదు పెద్దమ్మా. జెండా ల్యా, గుర్రం ల్యా. మేం మూటలు మోసేటోళ్లం. వానికి వాంతులు పట్టుకున్నాయి. నీళ్లు అడిగినాడు. దగ్గరికి పోతే నాకూ అంటుకుంటాదని దాటుకొని పోయినాను."

నిమిరిన చెయ్యి ఆమె ఒళ్లోకి పోయింది. తీసిన ముల్లును చాలాసేపు చూసింది.

"ఆ పొద్దు నీ దగ్గర నీళ్లుండెనా?"

నీళ్లు లేవని ఒక్కమాట అంటే సరిపోయేది. ఎడారి దేశం, ఎవరైనా నమ్ముతారు. ఆమె కూడా అదే మాట కోసం చూస్తోంది. ఆమె మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

"ఉండె పెద్దమ్మా. డబ్బా నిండా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అతను తల వంచి నిలబడ్డాడు. ఆమె మైలురాయి పట్టుకుని లేచి, ఖాళీ మూటగుడ్డ దులిపి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా పడమటికి నడిచింది. దారి మలుపులో మనిషి కనబడకుండా పోయేదాకా అతను అక్కడే ఉన్నాడు. తరవాత ఊరి వైపు తిరిగాడు.

మైలురాయి మీద కోరా పంచె ఉంది. దానికి చుట్టిన దారం ముడి ఇంకా ఎవరూ విప్పలేదు.