కిల్‌డర్రా చివరి సీసా

నేను ఒక విస్కీ సీసాను. నూట పదేళ్ళు నిండుగా ఉన్నాను, ఇప్పుడు ఖాళీగా ఉన్నాను. అప్పుడూ ఇప్పుడూ అలసట ఒకటే.

ఐర్లండులో కిల్‌డర్రా అనే చిన్న ఊళ్ళో, ఏటి ఒడ్డున విస్కీ కాచే బట్టీలో నన్ను నింపారు. ఊరి పేరే నా చీటీ మీద అచ్చువేశారు. ఆ రోజుల్లో ఊళ్ళో సగంమంది ఆ బట్టీ మీదే బతికేవారు. గడ్డి పరిచిన పెట్టెలో ఓడెక్కి, సికింద్రాబాదు కంటోన్మెంటులో కాన్రాయ్ అనే పటాలం డాక్టరు బీరువాకు చేరాను. ఆయనదీ మా ఊరే. తెరిస్తే అయిపోతానని తెరవలేదు. 1914లో యుద్ధానికి పిలుపొచ్చినప్పుడు వంటమనిషి యేసుపాదం చేతిలో నన్ను పెట్టి, తిరిగొచ్చి తాగుతాను, భద్రంగా ఉంచమన్నాడు.

ఆయన తిరిగి రాలేదు. చుక్క ముట్టని యేసుపాదం బతికినంతకాలం ఆయన కోసం చూశాడు. నన్ను ట్రంకుపెట్టెలో బట్టల మధ్య దాచాడు. అతని తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవరాలు కరుణమ్మ నన్ను కాపాడారు. ఈలోగా అక్కడ బట్టీ మూతపడింది. విస్కీ కాచే పద్ధతి రాసుకున్న పుస్తకాలు కాలిపోయాయి. ఇవన్నీ నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి.

కరుణమ్మ నర్సుగా పనిచేసేది. భర్త దేవదానానికి తాగుడుతో కాలేయం చెడిపోయింది. చివరి రోజుల్లో అతను పెట్టె ముందు కూర్చుని నా కోసం బతిమాలాడు. ఆమె తాళంచెవి ఇవ్వలేదు. అతన్ని సమాధి చేసి వచ్చిన రోజు పారబోయడానికి నన్ను మోరీ దాకా తీసుకెళ్ళింది. బిరడా మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. తాత ఇచ్చిన మాట అడ్డొచ్చి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

ఐదేళ్ళ కిందట చర్చిలో పాతవస్తువుల ప్రదర్శన పెట్టినప్పుడు పాస్టరుగారు నన్ను ఫోటో తీశారు. అది ఫోనుల మీదుగా ఐర్లండు చేరింది. కొన్నాళ్ళకు ఎవ్లిన్ అనే ఆవిడ కరుణమ్మ గుమ్మంలో నిలబడింది. కిల్‌డర్రా బట్టీలో ఆఖరి మేస్త్రికి ఆమె మునిమనవరాలు. బట్టీని మళ్ళీ వెలిగించాలని ఆమె పట్టుదల. పాత రుచి ఎలా ఉండేదో చెప్పేవాళ్ళు లేరు. ఆ రుచి ఉన్నది నాలోనే.

పాస్టరుగారు ఇదంతా తెలుగులో చెప్పాక కరుణమ్మ అడిగింది:

"అంటే మళ్ల చేస్తరా దీన్ని?"

ఎవ్లిన్ తలూపింది. ఊళ్ళో పనిలేక ఇళ్ళకు తాళాలు పడుతున్నాయని చెప్పింది. కరుణమ్మ దేవదానం సంగతి చెప్పింది, గొంతు పెంచకుండా, ఎప్పుడో ఆస్పత్రిలో చూసిన రోగి గురించి చెప్పినట్టు. ఎవ్లిన్ చేతిలో టీ చల్లారిపోయింది. చివరికి క్షమించమని లేచి, గుమ్మం దాకా వెళ్ళింది.

"ఆగు బిడ్డా," అంది కరుణమ్మ. "మా తాత మీ ఊరాయనకు మాటిచ్చిండు. ఆ మాట నేను తప్పనియ్య. తీస్కపో. నాకు మాత్రం ఒక్క సీస గూడ పంపకు."

కిల్‌డర్రాలో నన్ను తెరిచారు. చుక్క చుక్కా యంత్రాల్లో పరీక్షించారు, వాసన చూశారు, వాదించుకున్నారు; నాలుక మీద వేసుకోవడానికి చుక్క మిగల్లేదు. పీపాల్లో కొత్త విస్కీ పండటానికి మూడేళ్ళు పట్టింది. నన్ను అద్దాల పెట్టెలో పెట్టి, 'యేసుపాదం దాచిన సీసా' అని కింద రాశారు. అది ఎవ్లిన్ పట్టుబట్టి రాయించింది.

మొన్న తొలి గ్లాసు ఊళ్ళోకెల్లా పెద్దవాడైన ముల్లిన్స్ తాతకిచ్చారు. ఆయన తండ్రి ఒకప్పుడు అదే బట్టీలో పీపాలు దొర్లించాడు. ముసలాయన గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు.

"అచ్చం పాతదే," అన్నాడు.

చప్పట్లు మోగాయి. జనం గ్లాసుల వైపు కదిలాక, ఎవ్లిన్‌ను దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పాడు:

"నేను పుట్టకముందే బట్టీ మూసేశారమ్మా. పాతది నేనెప్పుడు తాగాను? నువ్వలా చూస్తుంటే ఇంకేమనను?"

ఎవ్లిన్ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ రుచి ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నన్నూ వేణ్ణీళ్ళతో శుభ్రంగా కడిగేశారు.