రెండు గంటల టేపు

కాఫీ కాదిది, గిన్నెలు కడిగిన నీళ్లు, బిస్మార్క్ ఊళ్లో ఏ హోటలైనా ఇంతే, అయినా తాగుతూనే ఉన్నాడు కెప్టెన్ వెండెల్ క్రౌస్, చేతులకు ఏదో ఒక పని ఉండాలి కదా, ఎదురుగా దర్యాప్తు అధికారిణి హ్యారియెట్ లూమ్ కాగితాలు సర్దుకుంటోంది, వాటిలో అతను రాసిచ్చిన ముక్క కూడా ఉంది, స్పీడు చెప్పే కంప్యూటరు నా వైపు చెడింది, గుర్తించి ముక్కు దించి విమానాన్ని కాపాడాను, కింద సంతకం, కాపాడాను అని రాసేటప్పుడు పెన్ను కాస్తయినా మొరాయించలేదు, పదో తరగతి సగంలో బడి మానేసి చేలమీద మందు కొట్టే విమానాలు తోలినవాడు, గాలి చప్పుడు వింటే చాలు స్పీడెంతో చెప్పేవాడు, చదువుకున్నవాళ్లు ఆ చెవులకు దూది పెట్టి కళ్ల ముందు అంకెలు పెట్టారు, ఆ అంకె అబద్ధమాడితే తనేం చేస్తాడు, ఏం చేశాడంటే నమ్మాడు, అదీ జరిగింది.

అంకె పెరుగుతూ పోయింది, స్పీడు మించిందని హారన్ టకటకలాడింది, తను ముక్కు పైకి లాగాడు, పక్క సీట్లోంచి కో-పైలట్ డోరీన్ బోయెట్, కెప్టెన్, మీ వైపుది తప్పు, నా మీటరూ మధ్యలో ఉన్న స్పేరు మీటరూ ఒకటే చూపిస్తున్నాయి, తను చూడలేదు, కెప్టెన్, స్పీడు పడిపోతోంది, నీ పని నువ్వు చూసుకోవమ్మా అన్నాడు, ఆ అమ్మా అనడంలో ఎంత వెటకారం ఉందో ఇప్పుడు తన చెవికే వినిపిస్తోంది, నలభై నాలుగేళ్ల మనిషి, తనలాగే చేలమీద విమానం తోలి వచ్చిందే, తర్వాత చేతుల్లో కంట్రోలు గజగజలాడింది, ఇక పడిపోతానని విమానం చెప్పే తీరు అది, అప్పుడు మూడోసారి ఆమె గొంతు, నా చేతుల్లో ఉంది, వదలండి, వదిలాడు, ముక్కు దిగింది, వెనక నలభై ముగ్గురు ఒక్కసారి కేకపెట్టారు, తన చేతులు ఒడిలో ఉన్నాయి, ఎవరివో చేతుల్లా.

రెండు కంట్రోళ్లూ కలిపి కట్టేసి ఉంటాయి, ముక్కు కిందికి తోసింది ఎవరో డేటా పెట్టె చెప్పదు, చెప్పాల్సింది గొంతుల టేపే, అది చివరి రెండు గంటలే దాచుకుంటుంది, పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది, అందుకే దిగగానే దాని స్విచ్చి లాగేయాలి, కెప్టెన్ పని అది, చెయ్యి చాస్తే అందేదే, మరిచిపోయానని చెప్పాడు, మరిచిపోలేదు, అందరూ దిగిపోయాక, పాతదంతా చెరిగిపోయేదాకా, రెండు గంటలు ఆ సీట్లోనే కూర్చున్నాడు, ఇంటికెళ్లి చేసేదేముంది, భార్య అర్డిత్ వెళ్లిపోయి తొమ్మిదేళ్లు, ఫ్రిజ్ మీద చీటీ, చెప్పాను, నువ్వు వినలేదు, అంతే, అయస్కాంతం ఇంకా అక్కడే ఉంది, ఈ పొద్దున ఈ గది బయట వరండా బెంచీ మీద డోరీన్, చేరి ఏడు నెలలు, ఏడాది నిండేదాకా ఎవరు వేలెత్తి చూపినా ఉద్యోగం ఊడినట్టే, కో-పైలట్ సమయానికి హెచ్చరించలేదని కంపెనీ అప్పుడే గొణుగుతోంది, లోపల ఏం చెప్పబోతున్నారు కెప్టెన్ అంది, చెప్పాల్సిందే చెబుతా అన్నాడు, అదే నా భయం అని నవ్వింది, ఆ నవ్వు ఈ కాఫీకంటే చేదు.

టేపులో గాల్లో జరిగింది ఒక్క ముక్కా మిగల్లేదు, అంటోంది హ్యారియెట్, అతను ఇంకో గుక్క తాగాడు, కానీ రెండు గంటలూ విన్నానండీ అందామె, మొదలుపెట్టాక ఆఖరిదాకా వినడం నా ఉద్యోగం, పది నిమిషాలు వాక్యూమ్ మోత, శుభ్రం చేసే ఆవిడ, ఏంటి కెప్టెన్, ఇల్లు లేదా నీకు, కాళ్లెత్తు, ఊడవాలి, అవును, కాళ్లెత్తాడు, గుర్తుంది, ఆ తర్వాత మీ ఊపిరి తప్ప ఏం లేదు, చివర్లో మాత్రం మీరొక మాటన్నారు, ఎవరితోనో అన్నట్టు, కానీ అక్కడ ఇంకెవరూ లేరు, పెట్టమంటారా, వింటారా?

ఏమన్నాడు, గుర్తులేదు, లేదు, గుర్తుంది, కుడి సీటు వైపు తిరిగాడు, బెల్టు ఆమె మడిచిపెట్టినట్టే ఉంది, నీ వైపుదే కరెక్టు డోరీన్ అన్నాడు, జవాబు రాలేదు, అదే హాయనిపించింది, ఈ పరాయి మనిషి ఎక్కడో ఒక గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని రెండు గంటలు తన ఊపిరి వింది, ఇన్నేళ్లలో తనను అంతసేపు విన్నవాళ్లెవరు, తను ఎవర్ని విన్నాడు, కప్పు కింద పెట్టాడు, టేపు పెట్టక్కర్లేదు మేడమ్ అన్నాడు, డోరీన్ మూడుసార్లు చెప్పింది, తోసింది ఆవిడే, నా చేతులు ఒడిలో ఉన్నాయి, నేను రాసిచ్చిన కాగితం ఇటివ్వండి, హ్యారియెట్ పెన్ను కదులుతోంది, తలుపవతల డోరీన్ దగ్గు వినిపించింది, ముప్పై ఏళ్లు, ఎన్ని వందలమంది కూర్చున్నారో ఆ కుడి సీట్లో, ఒక్కరోజూ అది ఖాళీగా లేదు, ఖాళీగా ఉంచుకున్నది తనే.