వంగలేని మనిషి, పొడవాటి బార్

ఉత్తరపు వడగాలి పొద్దున్నే మొదలైంది. కొండ వెనక కార్చిచ్చు పొగ లేస్తోంది. గిప్స్‌లాండ్ అడవిలో మా ఇంటి నుంచి తారురోడ్డుకు ఉన్నది ఒకే బాట. ఆ బాటకు అడ్డంగా పెద్ద యూకలిప్టస్ మాను పడి ఉంది. అది కోస్తేనే మేం బయటపడతాం. నా మొగుడు లిండ్సే మాత్రం తీరిగ్గా కూర్చుని మోటారు రంపానికి బార్, అంటే చైన్ తిరిగే ఇనుప పలక, బిగిస్తున్నాడు. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

రంపమేమో బుల్లిది. బారేమో ఇరవై నాలుగంగుళాలది. పక్క పొలం ట్రెవర్‌కు ఉన్నంత పొడవుదే కావాలని పోయిన వారం కొన్నాడు.

"పదహారంగుళాలది వెయ్యి! ఈ ఇంజను అంత బార్‌ని లాగదని కొట్టువాడు చెప్పాడా లేదా?"

"మాను లావు చూశావా మోరీన్? పొట్టిది అవతలికి అందదు."

"రెండు పక్కల నుంచీ కొయ్యి! ట్రెవర్ ముందు గొప్పలకి పోయి మనల్ని తగలబెడతావా?"

లిండ్సే రంపం ఆన్ చేశాడు. చైన్ బెరడు దాటి కాస్త దిగి, మూలిగి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు తాడు లాగాడు, మళ్లీ ఆగింది. పొగ నల్లబడుతోంది. నాకు ఒళ్లు మండింది. రంపం లాక్కుని, పొట్టి బార్, దాని చైన్ బిగించి చేతికిచ్చాను.

"ఇప్పుడు కొయ్యి, మహానుభావా!"

పొట్టి బార్ కదా, వంగాలి. మాను పట్టుకుని సగం వంగాడో లేదో, మొహం పాలిపోయింది. అక్కడే కూలబడ్డాడు. చంకల్లో చేతులేసి లేపాను.

"మోకాళ్లు వంగట్లేదు. పొడవుదైతే నిలబడే కోయొచ్చని..."

"ఎన్నాళ్ల నుంచి?"

"చలికాలం నుంచి."

"నోరు లేదా నీకు? చెప్పి ఏడవచ్చుగా!"

"చెప్తే ఇదంతా అమ్మేసి టౌనుకి పోదామంటావు."

అంటాను. ఎందుకనను? వేసవి వస్తే నాకిక్కడ కంటిమీద కునుకుండదు. ఈ సాకు కోసమే ఏళ్లుగా కాచుకుని ఉన్నాను. తీరా దొరికాక, అతని మొహం చూస్తే ఆ మాట అనబుద్ధి కాలేదు.

రంపం తీసుకుని నేనే మోకాళ్ల మీద కూర్చున్నాను.

"పైనుంచి సగం దాకా," అన్నాడు. "బిగుసుకుంటే ఆపు, కోసిన సందులో చెక్క ముక్క దిగ్గొడతాను."

రెండు చోట్ల, రెండు పక్కల నుంచీ కోసేసరికి చేతులు పడిపోయాయి. ఇద్దరం మధ్య ముక్కను బాట పక్కకు దొర్లించి బండి ఎక్కాం. తారురోడ్డు ఎక్కాక లిండ్సే వెనక్కి తిరిగి చూశాడు.

"ఇల్లు మిగులుతుందంటావా?"

"మిగిలితే, వంగే పనులన్నీ నేనే చేస్తాలే," అన్నాను. అనేశాక నాకే ఏడుపొచ్చింది.