హెప్సీబమ్మ పులుపు

నేను ఒక పిడికెడు ఎండిన పిండిని. చూస్తే విరిగిన అప్పడం ముక్కల్లా ఉంటాను. నీళ్ళు, పిండి పెట్టి మేల్కొలిపితే రొట్టెను పొంగిస్తాను. ఈమధ్య నన్ను సోర్‌డో స్టార్టర్ అంటున్నారు. నన్ను పుట్టించిన హెప్సీబమ్మ మాత్రం ఉత్తి ‘పులుపు’ అనేది.

గుంటూరులో ఒక నర్సుల హాస్టల్లో ఆమె ముప్పై ఏళ్ళు వంట చేసింది. ఈస్టు దొరకని ఒక వేసవిలో గోధుమపిండిలో తాటికల్లు పోసి కలిపి, పల్చటి గుడ్డ కప్పి గట్టు మీద పెట్టింది. అలా పుట్టాను. కల్లు వాసన గేటు దాటి లోపలికి రాకూడదని ఆ హాస్టల్ వార్డెన్ కట్టడి. ఆ వార్డెనమ్మే రోజూ పొద్దున రెండు ముక్కలు ఎక్కువ అడిగి తినేది. మనుషులు వాసన చూసి వద్దన్నదాన్ని రుచి చూసి కావాలంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఉద్యోగం మానాక హెప్సీబమ్మ పట్టాభిపురంలో చిన్న ఇంట్లో చేరింది. ప్రహరీకి అవతల వర్ధనమ్మ, ఆమె కోడలు సునంద ఉండేవారు. గోడ మీదుగా మునగాకు వెళ్ళేది, కరివేపాకు వచ్చేది. రొట్టె మాత్రం ఎన్నడూ గోడ దాటలేదు. హెప్సీబమ్మ వేడి రొట్టె పళ్ళెంలో పెట్టి అందించబోతే వర్ధనమ్మ నవ్వి, “మాకలవాటు లేదమ్మా” అనేది. లోపలికి వెళ్ళి కోడలితో, “వాళ్ళ వంటలు మనకెందుకే” అనేది. ఆ మాట గోడకు ఇవతలికీ వినిపించేది.

సునందకు రొట్టె వాసన అంటే ప్రాణం. అత్తగారు మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు పెరటి గేటు తెరుచుకుని వచ్చేది. హెప్సీబమ్మ ఆమెకు పిండి పిసకడం, మడతపెట్టడం, వేలితో నొక్కి చూసి పొంగు తెలుసుకోవడం రెండు చలికాలాలు నేర్పింది. తరువాత హెప్సీబమ్మ చూపు మందగించింది. రేపల్లెలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతూ నన్ను రెండు రకాలుగా సునంద చేతిలో పెట్టింది. ఒకటి సీసాలో బుడగలు కక్కుతున్న ముద్ద. ఇంకోటి స్టీలు పళ్ళెం మీద పల్చగా పూసి, ఫ్యాను కింద ఆరబెట్టి, కాగితంలో మడిచిన పొట్లం. “సీసా పోయినా ఇది ఉంటది” అంది. సీసాలో ఉన్నదీ నేనే, పొట్లంలో ఉన్నదీ నేనే.

సునంద ఇంట్లో కాల్చిన మొదటి రొట్టెను వర్ధనమ్మ అనుమానంగా తుంచి నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క తీసుకుంది.

“బాగుందే. ఎక్కడ నేర్చుకున్నావు?”

“మా నానమ్మ చేసేదత్తయ్యా. ఆ పులుపే మా అమ్మ పంపింది.”

ఆ అబద్ధం సునంద ముందుగా అనుకున్నది కాదు. నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. వచ్చాక వెనక్కి పోలేదు. వర్ధనమ్మ చుట్టాలకు చెప్పింది, చుట్టాలు నేర్పమన్నారు. శనివారాలు ఎనిమిది మంది ఆడవాళ్ళు డైనింగ్ టేబుల్ చుట్టూ చేరడం మొదలైంది. ఒకామె ఫోన్లో వీడియో తీసింది. అందులో సునంద సీసా ఎత్తి పట్టుకుని, “ఇది మా నానమ్మ నాటిది” అని చిరునవ్వుతో చెప్పింది. ఆ రోజు నేను మూత తాకేలా పొంగాను. ఆ అబద్ధానికి అంత చక్కగా సాక్ష్యం పలికినందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

రెండేళ్ళు గడిచాయి. మే నెలలో ఒక పెళ్ళికని ఇంటిల్లిపాదీ పది రోజులు ఊరెళ్ళారు. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగింది. తిరిగి వచ్చేసరికి సీసాలో నా మీద గులాబీరంగు చారలు తేలాయి. అలాంటిది ఇక వాడకూడదు. సునంద ఎవరూ చూడకుండా పారబోసింది. శనివారం మళ్ళీ అందరూ వస్తారు. అప్పుడు పొట్లం గుర్తొచ్చింది.

కంగారులో కాగిన నీళ్ళు పోసింది. సగం పొట్లం ఆ గిన్నెలోనే చచ్చి, గోడకు పోస్టర్లంటించే జిగురులా మిగిలింది. మిగిలిన సగాన్ని ఆమె మళ్ళీ కాగితంలో మడిచింది. అడగదగ్గ మనిషి ఒక్కరే. రెండేళ్ళుగా ఆ మనిషికి ఆమె ఒక్క ఫోను కూడా చేయలేదు.

మర్నాడు తెనాలి మీదుగా రేపల్లె వెళ్ళింది. హెప్సీబమ్మ వరండాలో మంచం మీద కూర్చుని, వేళ్ళతో తడుముతూ చింతపండులో గింజలు తీస్తోంది.

“ఆంటీ, నేను సునందని.”

“గొంతు గుర్తుపట్టాన్లే. మొన్న ఫోన్లో విన్నాగా.”

సునంద మెట్టు మీదే ఆగిపోయింది.

“మా చెల్లెలి మనవరాలు వీడియో పెట్టి వినిపించింది. బాగా చెప్పావు. ఒక్కటే అర్థం కాలా. మీ నానమ్మగారు కూడా తాటికల్లే పోసేవారా?”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే సునందకు తేలికయ్యేది. ఆమె పక్కన కూర్చుని పొట్లాన్ని ముసలామె అరచేతిలో పెట్టింది.

“సీసా పోయిందాంటీ. ఇందులోనూ సగం నేనే చంపాను. వేడినీళ్ళు పోశాను.”

హెప్సీబమ్మ నాలో ఒక పెళ్ళ తీసి నాలుక మీద పెట్టుకుంది. అన్నాళ్ళ తర్వాత ఆ నోటి వెచ్చదనం తగిలింది.

“చావలా. నీళ్ళ వేడి వేలికి తెలీకూడదు. నానాక దానంత గోధుమపిండి కలుపు. రోజూ సగం తీసేసి కొత్త పిండి పెట్టు. రెండ్రోజులు ఉలకదు, పలకదు. చచ్చిందనుకుని పారబోయమాక.” పొట్లం తిరిగిచ్చి, మళ్ళీ చింతపండు తడుముతూ అడిగింది. “మీ అత్తగారు తింటారా?”

“రోజూ పొద్దున తింటారు.”

హెప్సీబమ్మ వేళ్ళు చింతపండులో ఆగిపోయాయి. ఇంకో గింజ తీసి పడేసి, “తిననీలే” అంది.

“శనివారం అందరికీ చెప్పేస్తానాంటీ. మీరూ రండి, నేనే తీసుకెళ్తాను.”

“నేనెందుకు? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మంచిదానివి అనిపించుకుంటావా? పేరు చెప్పు. చాలు.”

ఆ సాయంత్రమే సునంద ఇంటికొచ్చి నన్ను గోరువెచ్చని నీళ్ళలో వేసింది. మొదటి రోజు తడిసిన అట్టముక్క వాసన వేశాను. రెండో రోజు ఏ వాసనా లేదు. వర్ధనమ్మ మూత తీసి చూసి, “మీ నానమ్మ పులుపు ఇంకా లేవలేదా?” అని అడిగింది. సునంద తల వంచుకుని గిన్నె కడుగుతూ ఉండిపోయింది. చెప్పడానికి అదే అదను అని ఆమెకు తెలుసు.  మూడో రోజు పొద్దున నాలో ఆవగింజంత బుడగ లేచింది. సునంద దాన్ని చూసి కళ్ళు తుడుచుకుంది. నాలుగో రోజుకు మజ్జిగ వాసన పట్టింది, ఐదో రోజుకు గిన్నె నిండి మళ్ళీ సీసాలోకి చేరాను.

శనివారం ఎనిమిది మందీ వచ్చారు. పొద్దున కాల్చిన రొట్టె కోసి అందరికీ పెట్టింది సునంద. వర్ధనమ్మ టేబుల్ చివర కూర్చుని తింటోంది. సునంద ఈసారి సీసా ఎత్తలేదు. రెండు చేతులూ టేబుల్ మీద ఆనించి చెప్పింది.

“ఇది మా నానమ్మది కాదు. మా నానమ్మకి రొట్టె చేయడం రాదు. ఇది ఇదివరకు పక్కింట్లో ఉన్న హెప్సీబమ్మగారిది. హాస్టల్లో వంట చేసేవారు. తాటికల్లుతో మొదలుపెట్టారు. నాకు నేర్పింది ఆవిడే. నేనే అబద్ధం చెప్పాను.”

 ఒకామె, “కల్లా? గురువారాలు కూడా తిన్నానే” అని హ్యాండ్‌బ్యాగ్ అందుకుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు లేచారు. మిగిలినవాళ్ళు ఎటు చూడాలో తెలియక సీసా వంక చూశారు. నా వంక అంత ఇబ్బందిగా ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఉన్నవాళ్ళకే సునంద ఆ రోజు పాఠం చెప్పింది.

అందరూ వెళ్ళాక వర్ధనమ్మ అక్కడే ఉంది. కొరికిన ముక్క పళ్ళెంలో ఉంది.

“రెండేళ్ళు తిన్నాను కదూ?”

“అవునత్తయ్యా. తప్పు నాదే.”

“నీ సంగతి తర్వాత. ఆవిడకి తెలుసా, నేను తింటున్నానని?”

“తెలుసు. అడిగారు. చెప్పాను.”

“ఏమంది?”

“తిననీలే అన్నారు.”

వర్ధనమ్మ చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె సిగ్గు ఆ రొట్టె తిన్నందుకో, అన్నేళ్ళూ గోడ మీద చాచిన చేతిని కాదన్నందుకో సునందకు అంతుపట్టలేదు. అడిగే అర్హత తనకు లేదనిపించి, ఎదురు కుర్చీలో తల వంచుకుని కూర్చుంది. సీసాలో పొంగిన నేను దిగిపోతున్నాను. పిండి పెట్టే వేళ దాటిపోయింది. ఇద్దరికీ ఆ ధ్యాస లేదు.

వర్ధనమ్మ కొంగు తీయకుండానే అడిగింది.

“రేపల్లెకి బండి ఎన్నింటికే?”