కల్లం నిండా ఒకే మొహం

చర్చి అయ్యాక అందరూ తిన్నగా మా ఇంటికే వచ్చారు. ముందు మమ్మల్ని పనికి తీసుకెళ్లే మేస్త్రి రెబ్కా అత్త, వెనక మా మిరపకాయల కూలి ముఠా ఆడవాళ్లు. మా ఆయన నతానియేలు గుంటూరులో స్నేహితులతో కలిసి చేసిన వీడియో గేమ్ ఆ రోజే విడుదలైంది. అందులో మేమంతా ఉన్నాం. కిందటేడు మేం కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే వచ్చి, ఒక్కొక్కరినీ నడిపించి, కూర్చోబెట్టి, అన్ని వైపుల నుంచీ ఫోన్లో వీడియో తీసుకెళ్లాడు. అప్పటి నుంచీ పేటలో అదే ముచ్చట. నేను తొమ్మిదితో బడి మానేసినదాన్ని, ఆయన పని నాకు అంతగా తెలియదు. కానీ మా ఇంట్లో కంప్యూటర్‌లో ఆ కల్లాన్ని ఒకసారి చూశాను. ఎవరి మొహం వాళ్లదే, ఎవరి నడక వాళ్లదే.

కొత్తింట్లో దిగేటప్పుడు చేసినట్టు అత్త కృతజ్ఞత ప్రార్థన చేసింది. ఆమెన్ అనగానే, "ఇక పెట్టరా అబ్బాయ్" అంది.

"ఇప్పుడెందుకులే పిన్నీ, ఇంకోసారి చూద్దాం."

"ఏం, టిక్కెట్టు కొనాలా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

తెర మీద కల్లం వచ్చింది. ఎర్రగా మిరపకాయలు, చుట్టూ ఆడవాళ్లు. నా ఒళ్లో ఉన్న ఆరాధన ఒకామెని చూపించి "అమ్మ" అంది. పక్కనున్నామెని చూపించి మళ్లీ "అమ్మ" అంది. "అమ్మ, అమ్మ, అమ్మ" అంటూ చప్పట్లు కొట్టింది.

నిజమే. అంతా నేనే. చీరల రంగులు వేరు, మొహం ఒకటే. అన్ని మొహాలూ ఒక్కసారే తల తిప్పి చూశాయి. గబుక్కున బిడ్డ కళ్లు మూసేశాను.

"నేనేదే?" అని సుగుణమ్మక్క తెర దగ్గరికి వంగి వెతికింది.

రెబ్కా అత్త నా వైపు తిరిగింది. "ఏమే స్తుతీ, మమ్మల్నందర్నీ తీసేయించి నీ మొహం పెట్టించుకున్నావటే!"

"నాకు తెలీదత్తా! నా బిడ్డ మీద ఒట్టు..."

"ఒట్లెయ్యకు. ఇప్పుడేగా ప్రార్థన చేశాం. ఇంతమందివి ఉన్నావుగా, రేపు కల్లానికి నువ్వొక్కదానివే పో. తాలంతా నువ్వే ఏరు."

ఆ ముఠా లేకపోతే నాకు పని లేదు. నేను ఏరుతుంటే తలా కాసేపు ఆరాధనని ఎత్తుకునేది వాళ్లే.

"తన తప్పేం లేదు పిన్నీ" అన్నాడు ఆయన. "కన్సోల్ అని టీవీకి తగిలించి ఆడుకునే డబ్బా ఉంటుంది. పెట్టుబడి పెట్టినవాళ్లు దాంట్లో కూడా రావాలన్నారు. ఇన్ని మొహాలుంటే ఆ డబ్బా లాగలేక ఆగిపోతోంది. ఒక్కటే ఉంచాం. ముందు పూర్తయింది స్తుతిది."

"ఇది కంప్యూటరేగా" అన్నాను. "ఇది లాగుతుంది, నేను చూశాను. దీంట్లో ఎందుకు తీశారు?"

"రెండూ ఒకేలా ఉండాలన్నారు. వేరువేరుగా చెయ్యాలంటే పని రెండింతలు. కన్సోల్ వద్దంటే అసలు గేమే బయటికొచ్చేది కాదు."

"నా మోకాలు నొప్పని ముఠా అంతా కుంటుతుందంట్రా?" అంది అత్త.

"నువ్వొచ్చేదాకా ఆగుతారుగా."

"ఆగుతారు. కాళ్లు తీసేసుకోరు."

ఆయన తల దించుకుని ఇంకేదో నొక్కాడు. నేను ముందు చూసిన పాత కల్లం వచ్చింది. సుగుణమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అదిగో తను, అదిగో మేనకోడలు. బుట్ట ఎత్తుకుని కుడికాలు ఈడుస్తూ వస్తోంది రెబ్కా అత్త. గదిలో ఉన్న రెబ్కా అత్త గోడ పట్టుకుని నేల మీద కూలబడింది.

"నా నడక కూడా పెట్టావా" అంది. "దీన్నెవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు పిన్నీ. ఇది మా దగ్గరే ఉంటుంది."

"మరి మాకెందుకు చూపించావురా!"

టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

సోమవారం పొద్దున రోడ్డు మీద నిలబడ్డాను. ఆగదనుకున్న ముఠా ఆటో ఆగింది. అత్త చేతులు చాచింది. అలవాటుగా బిడ్డనందించి, ఎక్కబోయాను.

"నువ్వు కాదు" అంది. "పిల్లని మేం చూసుకుంటాం. కంప్యూటరుదాంట్లో అన్నా మమ్మల్ని పెట్టించు, అప్పుడు రా పనికి."

ఆటో కదిలిపోయింది. ఆరాధన వెనక్కి చూసి చెయ్యూపుతోంది. ఏడవలేదు. నా చేతులు ఇంకా చాచే ఉన్నాయి. పిల్లకి పాలసీసా కూడా ఇవ్వలేదు.

ఇంటికి పరుగెత్తాను. ఆయన గుంటూరు బయల్దేరుతూ గుమ్మంలో ఉన్నాడు.

"నేనూ వస్తున్నా" అన్నాను. "మీవాళ్లని నేనడుగుతా."

ఆయన బిత్తరపోయి చూశాడు. "నువ్వా? ఏమని అడుగుతావు?"

"ఎవరి మొహం వాళ్లకి ఇమ్మని. మిగతాది దార్లో చెప్తా, పద" అని తలుపు గొళ్లెం పెట్టాను.